బడి ముందు విడి సిగరెట్లు: పొగాకు చట్టం ప్యాకెట్టు దాటి రాలేకపోతోందా?

ప్రశ్న: హెడ్మాస్టరు, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా బడి గేటుకు ఎదురుగా, రోడ్డు దాటితే పాతిక అడుగుల్లోనే ఒక బడ్డీ కొట్టు ఉంది. పెన్నులు, నోటు పుస్తకాలు, బిస్కెట్లతో పాటు అక్కడ సిగరెట్లు, బీడీలు అమ్ముతారు. పాన్ మసాలా పొట్లాలు దండలు దండలుగా వేలాడుతుంటాయి. ఆ మధ్య ఒకరోజు మధ్యాహ్న భోజనం తరువాత, మరుగుదొడ్ల వెనుక పొగ తాగుతూ తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు నా కంట పడ్డారు. వారిని గదిలోకి పిలిచి, కోప్పడడం అయిపోయాక, "ప్యాకెట్టు మీద అంత పెద్ద బొమ్మ వేస్తున్నారు కదా, అది చూసైనా భయం వేయలేదా?" అని అడిగాను. వారిలో చిన్నవాడు, "మేము ప్యాకెట్టు ఎప్పుడూ కొనలేదు సార్, ఒక్కటే కొనుక్కుంటాం" అని తల వంచుకునే చెప్పాడు.

ఆ మాట నన్ను వదలడం లేదు. 2003 లో చట్టం వచ్చింది, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై నిషేధపు నిబంధనలు అమలులోకి వచ్చాయి, 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాకెట్టుకు రెండు వైపులా 85 శాతం స్థలంలో హెచ్చరిక బొమ్మలు తప్పనిసరి అయ్యాయి. ఆ బొమ్మ ఎంత పెద్దదిగా ఉండాలన్న దానిపై ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. ఇంత జరిగాక కూడా, ఎవరిని కాపాడడానికి ఆ బొమ్మ వేశారో ఆ పిల్లవాడు దానిని చేతిలోకి తీసుకోనే లేదు. 2019 లో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థులపై దేశమంతటా జరిగిన సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. నలభై మంది కూర్చునే మా తరగతి గదికి ఆ లెక్కను అన్వయించుకుంటే ముగ్గురు నలుగురు అవుతారు. నాకు దొరికింది ఇద్దరు.

నేను అడగదలచినది ఇది. బడి చుట్టూ అమ్మకాల విషయంలో చట్టం నిజంగా ఏమంటోంది, అందులో నాకు ఉన్న అధికారం ఎంత? విడి సిగరెట్ అమ్మడం నేరమా, కాదా? ఇన్నేళ్ల నియంత్రణ వల్ల ఏమైనా మారిందా, లేక సరుకు చేతులు మారే పద్ధతి మాత్రమే మారిందా? ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ కొట్టు నడిపేది మా ఆరో తరగతి అమ్మాయి నాయనమ్మ. ఆ ఇంటికి వేరే ఆదాయం లేదు. మా పిల్లల తండ్రులలో సగం మంది పొగాకు రైతులు లేదా బ్యారన్ల (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల) దగ్గర కూలికి వెళ్లేవారు. అందువల్ల ఫిర్యాదు రాసి చేతులు దులుపుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు. అలాగని చూసీ చూడనట్లు ఉండలేను.


జవాబు: న్యాయవాది, గుంటూరు

మాస్టారూ, ముందు చట్టం సంగతి చెబుతాను. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం, 2003 లోని 6వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. మొదటిది, 18 ఏళ్లు నిండని వారికి ఏ పొగాకు ఉత్పత్తినీ అమ్మకూడదు. రెండవది, ఏ విద్యాసంస్థకైనా 100 గజాల పరిధిలో అమ్మకూడదు. ఈ దూరాన్ని గేటు నుంచి కాక, ప్రహరీ గోడ లేదా కంచె బయటి అంచు నుంచి చుట్టూ కొలవాలి. మీటర్లలో అది సుమారు 91. కాబట్టి మీరు చెప్పిన కొట్టు విషయంలో సందేహానికి చోటే లేదు. కొన్నవాడు మైనరు కాదని నిరూపించుకోవలసిన బాధ్యత కూడా నిబంధనల ప్రకారం అమ్మినవారిదే.

అయితే శిక్ష ఎంతో తెలిస్తే మీకు బాధ కలుగుతుంది. 24వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. 2003 లో చట్టం చేసిననాటి 200 రూపాయలకూ నేటి 200 రూపాయలకూ విలువలో ఎంత తేడా ఉందో నేను వేరే చెప్పనక్కరలేదు. దీనికి భిన్నంగా, 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్, వైద్యుని సలహా లేకుండా పిల్లలకు పొగాకు ఉత్పత్తులు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన జైలు శిక్షను, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించే వీలు కల్పించింది. ఒకే పనికి ఒక చట్టంలో రెండు వందలు, మరొక చట్టంలో ఏడేళ్లు. మొదటిది ఎవరినీ ఆపలేనంత చిన్నది. రెండవది, ఒక ముసలావిడ మీద పెట్టడానికి ఏ ఎస్సైకీ చేయి రానంత పెద్దది. ఈ రెంటికీ మధ్య ఉండవలసిన మెట్టు లేకపోవడం వల్లనే చాలాచోట్ల అసలు ఏ చర్యా జరగడం లేదని, కోర్టులో ఇటువంటి కేసులు చూసిన అనుభవంతో నమ్ముతున్నాను.

మీ అధికారం గురించి అడిగారు. బడి ఆవరణలో ఎవరు పొగ తాగినా, ఆ సంస్థ అధిపతిగా 4వ సెక్షన్ కింద జరిమానా వసూలు చేసే అధికారం మీకు ఉంది. బయటి కొట్టు విషయంలో మాత్రం తనిఖీ, స్వాధీనం వంటివి చేయవలసింది ఎస్సై స్థాయికి తగ్గని పోలీసు అధికారి లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన ఇతర అధికారులు. 100 గజాల లోపు అమ్మకం నేరమన్న బోర్డును బడి బయట అందరికీ కనిపించేలా పెట్టే బాధ్యత మాత్రం మీదే. పొగాకు రహిత విద్యాసంస్థల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలలో, ఆ 100 గజాల హద్దును నేల మీద గీత గీసి చూపాలని కూడా ఉంది. ఇది చిన్న విషయంగా తీసిపారేయకండి. గీత కనిపించిన చోట వాదన తగ్గుతుంది.

ఇక విడి సిగరెట్. మీ విద్యార్థి చెప్పిన మాట చట్టంలోని అసలు ఖాళీని పట్టుకుంది. 7వ సెక్షన్ ప్రకారం హెచ్చరిక లేని ప్యాకెట్టును అమ్మకూడదు. హెచ్చరిక ఉన్న ప్యాకెట్టును విప్పి అందులోనుంచి ఒకటి తీసి అమ్మితే ఏమిటన్నది అందులో సూటిగా రాయలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 లో ఇదే సెక్షన్‌ను ఆధారం చేసుకుని, విడిగా కొనేవారికి హెచ్చరిక చేరడం లేదన్న కారణంతో విడి సిగరెట్లు, బీడీల అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరు చివర కేంద్రం విడుదల చేసిన సవరణ ముసాయిదాలో విడి అమ్మకంపై నిషేధం, కనీస వయసు 21 ఏళ్లకు పెంపు రెండూ ఉన్నాయి. ఆ ముసాయిదా చట్టం కాలేదు.

ఏమీ మారలేదని మాత్రం నేను అనను. ముంబై కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా దాఖలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 2001 లో బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించక ముందు, ఆర్టీసీ బస్సులో పక్కవాడు బీడీ వెలిగిస్తే ముఖం కిటికీ వైపు తిప్పుకోవడం తప్ప మనం చేయగలిగింది ఉండేది కాదు. ఈనాటి పిల్లలకు ఆ దృశ్యమే తెలియదు. దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో పొగాకు వాడేవారు 2009-10 సర్వేలో 34.6 శాతం ఉండగా, 2016-17 సర్వే నాటికి 28.6 శాతానికి తగ్గారు. 15 నుంచి 24 ఏళ్ల వారిలో 18.4 నుంచి 12.4 శాతానికి తగ్గారు. ఆ రెండో సర్వేలోనే, సిగరెట్ తాగేవారిలో 61.9 శాతం మంది ప్యాకెట్టు మీది హెచ్చరిక చూసి మానేద్దామని అనుకున్నట్లు చెప్పారు. కాబట్టి బొమ్మ పనిచేస్తుంది. అది కంటపడే వరకు చేరితేనే పనిచేస్తుంది.


జవాబు: చిల్లర దుకాణదారు, తెనాలి

అయ్యా, నేను ఇరవై రెండేళ్లుగా చిన్న దుకాణం నడుపుతున్నాను. కొట్టు ముందు నిలబడేవాడు ఎలా కొంటాడో చెబితే మీకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

ప్యాకెట్టు కొనేవారు రోజుకు పదిమంది వస్తే, ఒకటి రెండు కొనేవారు వందమంది వస్తారు. ఆటో నడిపేవారు, తాపీ పనివారు, హాస్టలు కుర్రవాళ్లు అందరూ అంతే. వారి జేబులో ఆ పూటకు ఉండేది ఇరవై ముప్పై రూపాయలే. ధర పెరిగిన ప్రతిసారీ ప్యాకెట్టు కొనేవాడు కూడా విడిగా కొనడం మొదలుపెడతాడు. కొందరు అంతటితో తగ్గించేస్తారు, అది నేను కళ్లారా చూశాను. రోజుకు పది తాగే మేస్త్రీ ఒకాయన నాలుగుకు దిగారు. కానీ ఇంకొందరు పొడుగు సిగరెట్ నుంచి పొట్టి దానికి, పొట్టి దానినుంచి బీడీకి మారతారు. ఈ 2026 ఫిబ్రవరి 1 నుంచి సిగరెట్లపై జీఎస్టీ 40 శాతం అయింది, దానిపైన పొడవును బట్టి ఎక్సైజు సుంకం కూడా వచ్చింది. బీడీకి మాత్రం జీఎస్టీ 18 శాతమే. నీరు పల్లమెరుగు అన్నట్లు, తాగేవాడు కూడా చవక వైపే జారుకుంటాడు.

బొమ్మ లేని విదేశీ ప్యాకెట్లు కూడా మా వంటి దుకాణాలకు తెచ్చి ఇవ్వజూపుతారు. అవి దొంగ సరుకు. వాటికి సుంకం లేదు, హెచ్చరిక లేదు, లాభం మాత్రం ఎక్కువ. నేను తీసుకోలేదు. హెచ్చరిక లేని ప్యాకెట్టు అమ్మితే మొదటిసారికే ఏడాది వరకు జైలు పడవచ్చునని మాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. మా తమ్ముడి కొడుకు చదువుకున్నవాడు కాబట్టి వాడి ద్వారా తెలిసింది. మాకు తెలిసే చట్టం అంతా జరిమానా రూపంలోనే వస్తుంది. ఒకసారి ఎవరో తనిఖీకి వచ్చామని చెప్పి రసీదు ఇవ్వకుండానే డబ్బు పట్టుకుపోయారు. ఆ రోజు నుంచి మా వీధిలో అందరూ బోర్డు పెట్టడం మానేసి, మనిషి వస్తున్నాడంటే సరుకు కింద పెట్టడం నేర్చుకున్నారు.

మాస్టారూ, ఆ నాయనమ్మ గారి దగ్గరకు మీరే స్వయంగా వెళ్లండి. పిల్లలకు అమ్మవద్దని చెప్పడంతో సరిపెట్టకుండా, ఆ సరుకు తీసేస్తే కొట్టు ఎలా నడుస్తుందో కూర్చుని లెక్క వేయండి. సిగరెట్ మీద మాకు మిగిలేది తక్కువే, అయితే దాని కోసం వచ్చినవాడు టీ తాగుతాడు, బిస్కెట్ కొంటాడు. బడి ముందు కొట్టుకు ఆ అవసరం లేదు, ఎందుకంటే ఆ బేరమంతా పిల్లలదీ వారిని దింపడానికి వచ్చే తల్లిదండ్రులదీ. ఉడికించిన శనగలు, వేరుశనగలు, జామకాయలు, పుస్తకాల అట్టలు పెట్టుకున్నా నడుస్తుంది. పట్టణ పరిధిలో ఉంటే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద గుర్తింపు కార్డు, దాని మీద వీధి వ్యాపారులకు కేంద్రం ఇప్పించే స్వనిధి రుణం కూడా అడగవచ్చు.


జవాబు: దంతవైద్యురాలు, శ్రీకాకుళం

హెడ్మాస్టరు గారూ, మీరు పొగ గురించే ఎక్కువ రాశారు, ఆ దండల గురించి ఒక్క వాక్యంతో వదిలేశారు. నాకు ఆ దండలే ఎక్కువ భయం కలిగిస్తున్నాయి.

ఆహార భద్రత చట్టం కింద 2011 లో వచ్చిన నిబంధనలు ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు, నికోటిన్ కలపకూడదని చెప్పాయి. దాని ఆధారంగా 2012 లో మధ్యప్రదేశ్‌తో మొదలై ఒక్కొక్క రాష్ట్రం గుట్కాను నిషేధించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2013 జనవరిలో నిషేధం వచ్చింది. ఈ ఉత్తర్వు ఒక్కోసారి ఏడాదికి మించి ఉండదు కాబట్టి ప్రతి ఏటా కొత్తగా ఇవ్వాలి. నిషేధం వచ్చాక తయారీదారులు ఏం చేశారో మీ గేటు ముందు నిలబడితే కనిపిస్తుంది. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు మరొక పొట్లం. రెండూ పక్కపక్కన వేలాడతాయి, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. ఇలా విడదీసి అమ్మడం కూడా నిషేధాన్ని తప్పించుకోవడమేనన్న విషయం 2016 లో సుప్రీంకోర్టు దృష్టికి వెళ్లింది, నిషేధాన్ని గట్టిగా అమలు చేయాలని కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అయినా జంట పొట్లాలు పోలేదు.

ఇందులో తల్లిదండ్రులు గ్రహించవలసిన విషయం ఇంకొకటి ఉంది. పొగాకు లేని పాన్ మసాలా నిరపాయమైనది కాదు. అందులోని వక్కనే క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 లో వర్గీకరించింది. వక్క నమిలే కుర్రవాళ్లకు బుగ్గల లోపలి పొర గట్టిపడి, నారలాగా బిగుసుకుపోతుంది. నా దగ్గరకు వచ్చే పాతికేళ్లలోపు వారిలో నోట్లో రెండు వేళ్లు కూడా పట్టనివారు ఉన్నారు. ముద్ద కలుపుకుని తినడానికి వారికి కష్టమవుతుంది. ఆ బిగువు ఒకసారి వచ్చాక పూర్తిగా వెనక్కి పోదు, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. మీ పిల్లల చేత నోటిలో నిలువుగా మూడు వేళ్లు పెట్టించి చూడండి. పెట్టలేని పిల్లవాడు కనిపిస్తే వెంటనే దంతవైద్యుని దగ్గరకు పంపండి. దీనికి పరికరం అక్కరలేదు.

ప్యాకెట్టే లేని పొగాకు గురించి కూడా చెప్పాలి. మా జిల్లా తీర గ్రామాల్లో పెద్ద వయసు స్త్రీలు చుట్టను నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని తాగుతారు. దీనిని అడ్డపొగ అంటారు. టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థ పరిశోధకులు 1960 దశకంలో దేశంలోని ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించినప్పుడు, శ్రీకాకుళం వాటిలో ఒకటి కావడానికి ఈ అలవాటే కారణం. అంగిలి మీద మచ్చలు, అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనిపించినంతగా వేరే చోట్ల కనిపించవు. ఆ చుట్ట ఇంట్లో చుట్టుకున్నది. దానికి ప్యాకెట్టు లేదు, బొమ్మ లేదు, ధర పెంచడానికి పన్ను లేదు, ప్రకటన నిషేధించడానికి ప్రకటన లేదు. అక్కడ ఫలితం ఇచ్చింది ఇంటికి వెళ్లి, అంగిలిని అద్దంలో వారికే చూపించి మాట్లాడడం ఒక్కటే. నేను అలా చూపించిన ఒక అమ్మ, "ఇన్నాళ్లూ నా నోరు నేనే చూసుకోలేదమ్మా" అని అన్నారు. ఆవిడ మానేశారు.

మీ ఇద్దరు పిల్లలను శిక్షించి వదిలేయకండి. మానడానికి సహాయం కావాలంటే 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది. 2018 సెప్టెంబరు నుంచి అది ప్యాకెట్ల మీద అచ్చవుతోంది. విడిగా కొనేవారికి అది కూడా కనిపించదు కాబట్టి నోటీసు బోర్డు మీద రాయించండి.


జవాబు: బీడీ కార్మికురాలి కుమార్తె, కామారెడ్డి

తెనాలి దుకాణదారు గారు బీడీకి తక్కువ పన్ను ఉన్న సంగతి రాశారు. దానికి కారణం మా అమ్మ వంటివారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో లక్షలాది ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే బతుకుతున్నారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద 28 శాతాన్ని 18 కి, తునికాకు మీద 18 శాతాన్ని 5 కి తగ్గించినప్పుడు మా వాడలో సంతోషించారు. నేను నర్సింగ్ చదివాను, బీడీ పొగ సిగరెట్ పొగకంటే మేలైనదేమీ కాదని నాకు తెలుసు. అమ్మకు రోజంతా తంబాకు దుమ్ముతో దగ్గు, మెడనొప్పి. అయినా ఆ చాటే నన్ను చదివించింది. బీడీ మీద పన్ను పెంచమని అడిగేవారు, అలా వచ్చే డబ్బులో ఇంత భాగం ఈ ఆడవాళ్లకు వేరే పని నేర్పడానికి ఖర్చు పెట్టాలని అదే వాక్యంలో అడగాలి. తెలంగాణలో బీడీ కార్మికులకు పింఛను ఇస్తున్నారు, అది ఆసరాయే కానీ మరో ఉపాధి కాదు.


జవాబు: పొగాకు రైతు, కొండపి ప్రాంతం

మాస్టారూ, మీ పిల్లల తండ్రుల తరఫున నేను మాట్లాడతాను. నాకు ఒక బ్యారన్ ఉంది, మా నాన్న కాలం నుంచి వర్జీనియా పొగాకు వేస్తున్నాం.

పొగాకు నియంత్రణ అంటే అందరూ తాగేవారి గురించి, అమ్మేవారి గురించి మాట్లాడుతున్నారు. పండించేవారి మీద నియంత్రణ వీటన్నిటికంటే పాతది. 1975 లో చట్టం వచ్చింది, 1976 జనవరి 1 నుంచి గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు పనిచేస్తోంది. వర్జీనియా వేయాలంటే రైతుగా నమోదు కావాలి, బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, ఏ ఏడాది ఎంత పండించాలో బోర్డు ముందే చెబుతుంది. అమ్మకం ఒంగోలు, టంగుటూరు, కొండపి వంటి వేలం కేంద్రాల్లోనే జరగాలి. మన రాష్ట్రంలో ఈ వేలం 1980 దశకం నడుమ మొదలైంది. అంతకు ముందు వ్యాపారి చెప్పిందే ధర, ఇచ్చినప్పుడే డబ్బు అని నాన్న చెప్పేవారు. వేలంలో కూడా కష్టాలు ఉన్నాయి. నాణ్యత తక్కువైన లోగ్రేడ్ బేళ్లకు నోబిడ్ (పాట పాడేవారు లేరని) పెట్టి వెనక్కి పంపితే, ఆ బేలును మళ్లీ ట్రాక్టరు ఎక్కించే రైతు ముఖం చూడలేము. కోటాకు మించి పండితే అపరాధ రుసుము కట్టాలి. అయినా ఒక కాగితం, ఒక తేదీ, ఒక ఖాతా ఉన్నాయి.

నియంత్రణ లేని చోట ఏం జరిగిందో మా బావమరిది ఇంట్లో చూశాను. ఆయనది పర్చూరు వైపు నల్లరేగడి. అక్కడ నల్లబర్లీ అనే మరో రకం పొగాకు వేస్తారు. దానికి బోర్డు వేలం లేదు, కోటా లేదు, కంపెనీలు ఊరికి వచ్చి కొనుక్కుంటాయి. ఒక ఏడాది ధర బాగా పలికేసరికి, మరుసటి ఏడాది మిరప వేసేవారు, శనగ వేసేవారు కూడా బర్లీకి తిరిగారు. 2025 లో సరుకు చేతికి వచ్చాక కొనేవారు లేరు. పందిళ్ల కింద ఆకును మండెలుగా (కుప్పలుగా) వేసి, వాన పడితే ఎలాగని రాత్రిళ్లు కాపలా కాశారు. చివరకు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చింది, తరువాతి పంటకాలానికి ఆ బర్లీ వేయవద్దని ప్రకటించింది. ఒకే ఆకు, రెండు రకాలు. ఒకదానికి లెక్క ఉంది, రెండో దానికి లేదు. పిల్లవాడు ప్యాకెట్టు బయట సిగరెట్ కొనుక్కున్నట్లే, మా వాళ్లు బోర్డు బయట పంట వేశారు.

పొగాకు మానేయమని చెప్పడం తేలిక. మానేయడానికి మాలో చాలామంది సిద్ధంగానే ఉన్నారు. ఆకు తడిగా ఉన్నప్పుడు కోసిన రోజు కూలీలకు తల తిరగడం, వాంతులు కావడం మాకు కొత్త కాదు. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుందని తరువాత తెలిసింది. బ్యారన్ కాల్చడానికి కట్టెలు కొనే ఖర్చు ఏటికేడు పెరుగుతోంది. కానీ మా తేలిక నేలల్లో వానమీద ఆధారపడి వేసే పంటకు, వేలం కేంద్రం వంటి ఖాయమైన అమ్మకపు చోటు వేరే ఏ పంటకూ లేదు. శనగ వేసిన ఏడాది ధర పడిపోతే శీతల గిడ్డంగుల్లో పెట్టి ఎదురు చూడవలసి వస్తుంది. భారతదేశం 2004 లో ఆమోదించిన ప్రపంచ పొగాకు నియంత్రణ ఒప్పందంలో, రైతులకూ కార్మికులకూ ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపాలని 17వ అధికరణం చెబుతోంది. 85 శాతం బొమ్మకు గడువు పెట్టినట్లు దీనికి ఎవరూ గడువు పెట్టలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పనివ్వండి. మీ బడి ముందు అమ్మకం ఆగితే మా పంటకు నష్టం వస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. మేము పండించే వర్జీనియాలో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. నా మనవడు కూడా అటువంటి బడిలోనే చదువుతున్నాడు. ఆకు పండించే చేతులతోనే చెబుతున్నాను, వాడి చేతికి ఆ సిగరెట్ వెళ్లకూడదు.


మళ్లీ హెడ్మాస్టరు, ప్రకాశం జిల్లా

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను.

తొమ్మిదో తరగతి పిల్లల చేతనే టేపుతో ప్రహరీ అంచు నుంచి 91 మీటర్లు కొలిపించి, పసుపు రంగు గీత గీయించాను. పొగ తాగుతూ దొరికిన ఇద్దరూ కొలిచినవారిలో ఉన్నారు. నాయనమ్మ గారితో రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆవిడ మొదట బాధపడ్డారు, తరువాత దండలు తామే తీసేశారు. సిగరెట్లు తీయడానికి మరో వారం అడిగారు, ఆ వారం గడిచాక తీసేశారు. ఇప్పుడు అక్కడ ఉడికించిన వేరుశనగలు, జామకాయలు ఉన్నాయి. ఉపాధ్యాయులం అందరం సాయంత్రం టీ అక్కడే తాగుతున్నాం. మూడు వేళ్ల పరీక్షలో పదో తరగతి అబ్బాయి ఒకడు కష్టపడ్డాడు. వాడిని ఒంగోలు పంపించాం.

న్యాయవాది గారిని ఒక విషయం అడగాలి. గీత గీశాక తెలిసింది, బస్టాపు దగ్గరి పెద్ద దుకాణం ఆ గీతకు నాలుగు మీటర్లు అవతల ఉంది. నిన్న సాయంత్రం మా యూనిఫారం వేసుకున్న ముగ్గురు పిల్లలు అక్కడ నిలబడి ఉన్నారు. 100 గజాల నిబంధన అక్కడికి చేరదు. 18 ఏళ్ల నిబంధన చేరుతుంది. విడిగా ఒకటి అమ్మినప్పుడు దానిని రుజువు చేయడం ఎలా? ఫిర్యాదు ఎవరికి రాయాలి, అందులో పిల్లల పేర్లు రాకుండా చూసుకునే వీలు ఉందా?